పిటిషన్ కంపెనీది, ప్రయాణం మనది

రాత్రి పది దాటాక శంషాబాద్ విమానాశ్రయంలో డిపార్చర్స్ ముందు నిలబడితే, ఒక్కరిని ఎక్కించడానికి పదిమంది రావడం కనిపిస్తుంది. బరువెక్కువైన పెట్టె విప్పి ఆవకాయ డబ్బా తీయాలా, పొడుల ప్యాకెట్లు తీయాలా తేల్చుకోలేని తల్లి ఒకపక్క. పాస్‌పోర్టు పెట్టుకున్నావా అని మళ్లీ మళ్లీ అడిగే తండ్రి ఇంకోపక్క. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లే పిల్లలు వీళ్లు. వీసా ఎక్కడ వచ్చిందని అడిగితే ఇంటిల్లిపాదీ నానక్‌రాంగూడ పేరే చెబుతారు.

అది సగం నిజమే. ఈ విమానాశ్రయం తెరుచుకున్న 2008లోనే హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ కూడా వచ్చింది. మొదట బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023 మార్చిలో నానక్‌రాంగూడలోని సొంత భవనానికి మారింది. అక్కడి కిటికీ దగ్గర ఆఫీసరు అడిగే నాలుగు ప్రశ్నల్లో జాతకం తేలిపోతుందని మనవాళ్ల నమ్మకం. చదువుకోవడానికి వెళ్లేవాళ్ల విషయంలో అది చాలావరకు సరైనదే. ఉద్యోగానికి వెళ్లే హెచ్1బీ వాళ్ల సంగతి వేరు. వాళ్ల విషయంలో అసలు నిర్ణయం అంతకు కొన్ని నెలల ముందే, అభ్యర్థి మొహం కూడా చూడకుండా, అమెరికాలోని ఒక సర్వీస్ సెంటర్‌లో జరిగిపోయి ఉంటుంది. కాన్సులేట్‌లో పడేది దాని మీద ముద్ర. అందుకే మన కుర్రాళ్లు ఆ పనిని ‘స్టాంపింగ్’ అంటారు.

ఆ నిర్ణయానికి ఆధారం ఐ-129 అనే ఫారం. దాన్ని నింపేది కంపెనీ, సంతకం పెట్టేది కంపెనీ ప్రతినిధి, ఫీజు కట్టేది కంపెనీ. ఆ ఫారంలో కంపెనీని పిటిషనర్ అంటారు, ఉద్యోగిని బెనిఫిషియరీ, అంటే లబ్ధిదారు అంటారు. చదువు ఉద్యోగిది, అనుభవం ఉద్యోగిది, తాకట్టులో ఉన్న ఇల్లు ఉద్యోగి తండ్రిది. అయినా చట్టం దృష్టిలో దరఖాస్తుదారు కంపెనీయే.

ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ నుంచి గచ్చిబౌలి వైపు వెళ్తూ అప్పా జంక్షన్ దగ్గర దిగి, మొయినాబాద్ దారి పట్టుకుంటే చిలుకూరు వస్తుంది. ‘వీసా బాలాజీ’గా పేరుపడ్డ స్వామి గుడిలో హుండీ ఉండదు. కోరిక కోరుకుంటూ 11 ప్రదక్షిణలు, తీరాక 108. అంకెలు అచ్చేసిన కాగితం చేతిలో పట్టుకుని, చుట్టు చుట్టుకూ ఒక అంకె కొట్టేస్తూ నడిచే యువతీ యువకులు అక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. స్వామి దగ్గర ఎవరి మొక్కు వాళ్లే మొక్కుకోవచ్చు. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ దగ్గర ఆ వీలు లేదు. అక్కడ మన మొక్కు కంపెనీయే మొక్కాలి.

పిటిషన్ తిరస్కరణకు గురైన రోజున ఈ తేడా ఎంత పెద్దదో తెలిసొస్తుంది. శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా వినిపించే ఫోన్ మాటలు ఇలా ఉంటాయి:

“నాయినా, పిటిషన్ డినై అయిందంట.”

“మరి మనమే అప్పీలు జేస్కుంటే అయితది గద బిడ్డా? మంచి వకీలును పెడదాం.”

“మనం చెయ్యరాదంట నాయినా. కంపెనీ వాళ్లే చెయ్యాల్నంట.”

ఆ కొడుకు చెప్పింది అక్షరాలా చట్టమే. తిరస్కరణ ఉత్తర్వు వెళ్లేది కంపెనీకి, దాని లాయరుకు. అప్పీలు హక్కు ‘ప్రభావిత పక్షానికి’ మాత్రమే ఉంటుంది, ఆ పక్షంలో లబ్ధిదారు లేడని అమెరికా నిబంధనలు స్పష్టంగా చెబుతాయి. ఉద్యోగం పోయేది ఎవరికో, దేశం విడిచి రావాల్సింది ఎవరో ఆ నిబంధనకు పట్టదు. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు ‘మేం ముందుకు వెళ్లదలచుకోలేదు’ అని ఒక మెయిల్ పంపితే కథ సాధారణంగా అక్కడితో సరి.

కంపెనీ ముందుకు వెళ్లాలనుకుంటే దారులు మూడు. ఐ-290బీ అనే ఫారంతో 30 రోజుల్లో, ఉత్తర్వు పోస్టులో వచ్చి ఉంటే 33 రోజుల్లో, అదే ఆఫీసును మళ్లీ చూడమని అడగడం ఒకటి. కొత్త ఆధారాలుంటే కేసు తిరిగి తెరవమనాలి, చట్టాన్ని తప్పుగా అన్వయించారనుకుంటే పునఃపరిశీలించమనాలి. అదే ఫారంతో అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ఆఫీసుకు అప్పీలు చేయడం రెండోది. ఆ ఫీజు ఇప్పుడు 800 డాలర్లు. అప్పీలు కూడా ముందు తిరస్కరించిన ఆఫీసు బల్ల మీదకే వస్తుంది. వాళ్లు 45 రోజుల్లోగా మనసు మార్చుకోకపోతే పైకి పంపుతారు. పైనున్నవాళ్లు పూర్తి ఫైలు అందాక 180 రోజుల్లో తేల్చాలన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. మూడోది ఫెడరల్ కోర్టు. దానికి ముందు అప్పీల్స్ ఆఫీసు గడప తొక్కితీరాలన్న నియమం సాధారణంగా లేదు.

కాగితం మీద ఇవి చక్కగానే ఉన్నాయి. కానీ అప్పీల్స్ ఆఫీసులో ఎక్కువ భాగం కొట్టివేతలే. కోర్టు ఖర్చు వేల డాలర్లు. అందుకే చాలా కంపెనీలు నాలుగో దారి పడతాయి, లోపం సరిదిద్ది కొత్త పిటిషన్ వేసేస్తాయి. అప్పటికే హెచ్1బీలో ఉండి కంపెనీ మారుతున్న వాళ్లకు ఇది అన్నిటికన్నా తొందరగా తెమిలే పని. లాటరీలో మొదటిసారి పేరు వచ్చిన వాళ్లకు మాత్రం ఇది తరచూ కుదరదు. ఏటా 65,000, అమెరికా మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000 అన్న పరిమితి కింద వేసే పిటిషన్లకు ఏప్రిల్ 1 నుంచి కొన్ని నెలలే గడువు. తిరస్కరణ అక్టోబరులో వస్తే ఆ కిటికీ అప్పటికే మూసుకుపోయి ఉంటుంది, లాటరీలో తగిలిన అదృష్టం కూడా దానితోపాటే పోతుంది. వచ్చే మార్చిలో మళ్లీ మొదటి నుంచి.

ఇక్కడొక ప్రమాదకరమైన అపోహ ఉంది. ‘అప్పీలు పెండింగ్‌లో ఉంది కాబట్టి నేను ఇక్కడే ఉండొచ్చు’ అని అమెరికాలో ఉన్న చాలామంది అనుకుంటారు. అప్పీలు వేసినంత మాత్రాన తిరస్కరణ ఆగదు, స్టేటస్ రాదు, పనిచేసే హక్కు రాదు. పొడిగింపు పిటిషన్ తిరస్కరించే నాటికి దేశంలో ఉండటానికి ఇచ్చిన పాత ఐ-94 గడువు దాటిపోయి ఉంటే, మర్నాటి నుంచే చట్టవిరుద్ధ నివాసం లెక్క మొదలవుతుంది. అది 180 రోజులు దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటాక వెళ్తే పదేళ్లు తిరిగి రానివ్వరు. అప్పీలు గెలుస్తామన్న ధీమాతో అక్కడే కూర్చున్నవాళ్లు ఈ లెక్క చూసుకోకపోతే కేసు గెలిచినా దేశంలోకి రాలేని పరిస్థితి కొనితెచ్చుకుంటారు.

తిరస్కరణలు ఎప్పుడూ ఒకే తీరున లేవు. నేషనల్ ఫౌండేషన్ ఫర్ అమెరికన్ పాలసీ అనే సంస్థ ప్రభుత్వ గణాంకాల నుంచి తీసిన లెక్క ప్రకారం, కొత్త ఉద్యోగాల హెచ్1బీ పిటిషన్లలో 2015 ఆర్థిక సంవత్సరంలో తిరస్కరించినవి 6 శాతం. 2018లో అవి 24 శాతం. 2024కు వచ్చేసరికి 2.5 శాతం. మధ్యలో చట్టం మారలేదు, అమెరికా కాంగ్రెస్‌లో బిల్లేదీ నెగ్గలేదు. మారినవి శాఖలోపల తిరిగే మెమోలు. ఆమోదం పొందే హెచ్1బీల్లో దాదాపు 71 శాతం భారతీయులవే కాబట్టి, ఆ మెమోల దెబ్బ ఎవరి ఇళ్లమీద పడిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ మెమోలు నడిచిన మూడు నాలుగేళ్లలో అమీర్‌పేట హాస్టళ్లలో, పెళ్లిసంబంధాల మాటల్లో కూడా ‘ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది’ అన్న ముక్క నలిగింది. అదనపు ఆధారాలు పంపమని అడిగే నోటీసు అది. క్లయింటుతో ఒప్పందం చూపించు, పని వివరాలు రాసిన క్లయింట్ లెటర్ తే, మూడేళ్లపాటు ఏ రోజు ఎక్కడ పనిచేస్తాడో చెప్పు. మధ్యలో ఇద్దరు ముగ్గురు వెండర్లు ఉన్న మన కన్సల్టెన్సీ ఉద్యోగాల్లో చివరి క్లయింట్ నుంచి ఉత్తరం తేవడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

ఆ మెమోల్లో ఒకటి 2017 మార్చి 31 నాటిది, కంప్యూటర్ ప్రోగ్రామర్ల మీద. ప్రోగ్రామర్ ఉద్యోగం డిగ్రీ తప్పనిసరైన ప్రత్యేక వృత్తి అని దానంతట అదే అనుకోవద్దని అందులో చెప్పారు. ఇన్నోవా సొల్యూషన్స్ అనే ఐటీ కంపెనీ ఒక భారతీయుడిని ప్రోగ్రామర్‌గా తీసుకోవడానికి పిటిషన్ వేస్తే, అమెరికా కార్మికశాఖ ప్రచురించే వృత్తుల కరదీపికను చూపించి తిరస్కరించారు. ఆ పుస్తకం చెప్పిందేమిటి? ప్రోగ్రామర్లలో ఎక్కువమందికి బ్యాచిలర్ డిగ్రీ ఉంటుంది, కొన్ని కంపెనీలు మాత్రం రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ వాళ్లనూ తీసుకుంటాయి. ఇమిగ్రేషన్ శాఖ రెండో సగాన్ని పట్టుకుని మొదటి సగాన్ని వదిలేసింది.

కంపెనీ కోర్టుకెళ్లింది. కాలిఫోర్నియాలోని జిల్లా కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. ఇన్నోవా అక్కడితో ఆగలేదు. 2020 డిసెంబరు 16న తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగేసింది. చాలామందికి ఉండే డిగ్రీ అని పుస్తకం చెబుతుంటే, మామూలుగా అవసరమైన డిగ్రీ కాదని శాఖ ఎలా అంటుంది, ఈ రెంటికీ తేడా ఎక్కడుందని నిలదీసి, తిరస్కరణ ఇష్టారాజ్యంగా ఉందని తేల్చింది. 2021 ఫిబ్రవరి 3న ఇమిగ్రేషన్ శాఖ 2017 మెమోను వెనక్కి తీసుకుంది. ఒక్క ఉద్యోగి కోసం ఒక్క కంపెనీ చేసిన పోరాటం ప్రోగ్రామర్లందరికీ పనికొచ్చింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి, ఇన్నోవా అప్పటికే పెద్ద కంపెనీ. ఏళ్ల తరబడి లాయర్లకు కట్టగల స్తోమత దానికుంది. పదిమందితో నడిచే కన్సల్టెన్సీ ఒక్కటే అయితే జిల్లా కోర్టులో ఓడాక ఇంటిదారి పట్టేది.

పదిమంది కంపెనీలు ఒక్కటైతే ఏమవుతుందో ఐటీసర్వ్ అలయన్స్ కేసు చూపించింది. డాలస్ దగ్గరి ఇర్వింగ్ కేంద్రంగా ఉన్న ఈ సంఘంలో చిన్న, మధ్యతరహా ఐటీ కంపెనీలే ఎక్కువ, వాటి యజమానుల్లో తెలుగువారు చాలామంది. క్లయింట్ల దగ్గర పనిచేసే ఉద్యోగుల ఒప్పందాలన్నీ, ఏ తేదీన ఎక్కడ ఉంటారో చెప్పే పట్టికలతో సహా అడిగిన 2018 ఫిబ్రవరి మెమోను వాళ్లు వాషింగ్టన్ జిల్లా కోర్టులో సవాలు చేశారు. ఆ రోజుల్లో వచ్చిన ఆమోదాలు కొన్ని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మూడేళ్లు అడిగితే కొందరికి కొన్ని వారాలు, కొందరికి ఒక్కరోజు ఇచ్చారు. ఆమోదపత్రం చేతికి వచ్చేసరికే గడువు ముగిసినవీ ఉన్నాయి. 2020 మార్చి 10న న్యాయమూర్తి రోజ్‌మేరీ కాలియర్ కంపెనీల పక్షాన తీర్పిచ్చారు. తర్వాత రాజీ కుదిరి, జూన్ 17న ఆ మెమో రద్దయింది. సంఘం పెట్టుకుని చందాలేసుకుని కోర్టుకెళ్లడం తెలుగు వ్యాపారులకు కొత్తేమీ కాదు, వాషింగ్టన్‌లో అదే పని చేసి గెలిచారు.

ఈ రెండు కేసుల్లోనూ పోరాడింది కంపెనీలే. కంపెనీ మూతపడితే? యజమాని జైలుపాలైతే? అప్పుడు ఉద్యోగి గతేమిటన్న ప్రశ్నను కోర్టుల్లో లేవనెత్తిన కేసుల పేర్లు చదివితే ఆంధ్రదేశపు హాజరుపట్టీ చదివినట్టుంటుంది. కూరపాటి, మంతెన, ముసునూరు.

ఇవి గ్రీన్‌కార్డుకు సంబంధించినవి. అక్కడ కంపెనీ వేసేది ఐ-140 పిటిషన్. దాని మీద ఆధారపడి ఉద్యోగి ఐ-485 అనే సొంత దరఖాస్తు వేసుకుంటాడు. అది 180 రోజులు పెండింగ్‌లో ఉంటే, అదే తరహా ఉద్యోగంతో మరో కంపెనీకి మారవచ్చని 2000లో వచ్చిన చట్టం చెబుతుంది. భారతీయుల క్యూ ఏళ్లూ పూళ్లూ సాగుతుంది కాబట్టి మనవాళ్లు ఈ వెసులుబాటును బాగా వాడుకున్నారు. మొదటి కంపెనీ వేసిన ఐ-140 మాత్రం పునాదిగా అలాగే ఉంటుంది.

విజన్ సిస్టమ్స్ గ్రూప్ అనే కంపెనీ చాలామందికి ఇలాంటి పిటిషన్లు వేసింది. తర్వాత దాని అధ్యక్షుడు మరెవరిదో పిటిషన్‌కు సంబంధించిన మోసంలో నేరం ఒప్పుకున్నాడు. దాంతో ఇమిగ్రేషన్ శాఖ ఆ కంపెనీ వేసిన పిటిషన్లను తిరగదోడింది. రద్దు చేయబోతున్నామని నోటీసు పంపింది, కంపెనీ చిరునామాకే. ఆ కంపెనీ అప్పటికే వ్యాపారంలో లేదు. జవాబు రాలేదు కాబట్టి రద్దు. అప్పటికే వేరే కంపెనీకి మారి పనిచేసుకుంటున్న ఉద్యోగికి తన ఫైలు కూలిపోయిందని తెలిసేసరికి అంతా అయిపోయింది. నా మాట వినండని అడిగితే, పిటిషన్ నీది కాదు, నీకు ఆ అర్హత లేదన్నారు.

మంతెన వర్సెస్ జాన్సన్ కేసులో న్యూయార్క్‌లోని రెండో సర్క్యూట్ కోర్టు 2015 డిసెంబరు 30న ఈ వాదనను ఒప్పుకోలేదు. ఫలితం మీద ఏ ఆసక్తీ మిగలని పాత కంపెనీకి నోటీసిచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు, ఉద్యోగికో, కొత్త కంపెనీకో తెలియజేయాల్సిందే అంది. అదే విజన్ సిస్టమ్స్ పిటిషన్ మీద వచ్చిన ముసునూరు కేసులో 2016లో తొమ్మిదో సర్క్యూట్ ఉద్యోగి ప్రస్తుత కంపెనీకి నోటీసివ్వాలంది. అంతకుముందే, 2014 డిసెంబరులో, అట్లాంటాలోని పదకొండో సర్క్యూట్ కూరపాటి కేసులో రద్దును కోర్టులో ప్రశ్నించే హక్కు లబ్ధిదారుకు ఉందని చెప్పింది. అన్ని కోర్టులూ ఈ దారిలో రాలేదు, ఎనిమిదో సర్క్యూట్ 2016లోనే దీనికి భిన్నంగా తేల్చింది. చివరికి 2017 నవంబరు 11న అప్పీల్స్ ఆఫీసే ‘మ్యాటర్ ఆఫ్ వి-ఎస్-జి’ నిర్ణయంతో దిగొచ్చింది. చట్టప్రకారం కంపెనీ మారిన లబ్ధిదారును ఐ-140 రద్దు వ్యవహారంలో ప్రభావిత పక్షంగా గుర్తించాలని, నోటీసు అందుకుని జవాబు చెప్పుకునే హక్కు ఇవ్వాలని తేల్చింది.

తమ పేరు లేని పిటిషన్‌లో తమకూ నోరుందని అనిపించుకోవడానికి మామూలు ఉద్యోగులు ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. వాళ్లు సాధించిన హక్కు చిన్నదే, హద్దులూ ఇరుకే. కొత్త హెచ్1బీ తిరస్కరణకు ఇది వర్తించదు. మారడానికి అర్హత ఉండి, మారినట్టు సంబంధిత ఫారం దాఖలు చేసినవాళ్లకే పనికొస్తుంది. అయినా ఈ రంగంలో లబ్ధిదారుకు దొరికిన గట్టి ఆసరా ఇదే.

ఆస్ట్రేలియాకు వెళ్లేవాళ్ల కథ ఇంకో తీరు, మూలసూత్రం అదే. అక్కడ కంపెనీ ముందు స్పాన్సర్‌గా గుర్తింపు పొందాలి, తర్వాత ఫలానా ఉద్యోగానికి ఫలానా మనిషిని నామినేట్ చేయాలి, ఆపైన ఉద్యోగి వీసా. నామినేషన్ పడిపోతే దానిమీద నిలబడిన వీసా కూడా పడిపోతుంది. నిజంగా అలాంటి ఉద్యోగం ఉందా, స్థానికులకు ఇచ్చే జీతమే ఇస్తున్నారా అన్నవి తిరస్కరణకు మామూలు కారణాలు. కనీస జీతం చాలాకాలం ఏడాదికి 53,900 ఆస్ట్రేలియన్ డాలర్ల దగ్గరే నిలిచి, 2023 జులైలో ఒక్కసారిగా 70,000కు, 2025 జులై నుంచి 76,515కు పెరిగింది. నామినేషన్ తిరస్కరణ మీద 2024 అక్టోబరు 14న మొదలైన అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. వెళ్లాల్సింది కంపెనీ. రుసుము మూడున్నర వేల డాలర్ల చుట్టూ ఉంది. కంపెనీ వెళ్లకుండా ఉద్యోగి ఒక్కడే తన వీసా తిరస్కరణ మీద వెళ్తే, చాలా సందర్భాల్లో ట్రైబ్యునల్ కేసు లోపలికి కూడా పోకుండా మాకు అధికారం లేదని పంపేస్తుంది. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఇలా చిక్కుకున్న కుర్రాడికి ఒక్క ఊరట, 2024 జులై నుంచి కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి గడువు ఒక విడతకు 180 రోజులకు పెరగడం. అమెరికాలో ఉద్యోగం పోయిన హెచ్1బీ వాళ్లకు దొరికేది 60 రోజులే.

ఇది తెల్లదేశాల కుట్ర అనుకునేవాళ్లు ఒకసారి శంషాబాద్ విమానాశ్రయం పక్కనే ఉన్న ఏరోస్పేస్ పార్కు వైపు చూడాలి. 2025 నవంబరు 26న ప్రధాని ప్రారంభించిన సాఫ్రాన్ విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రం అక్కడే ఉంది. అలాంటి చోట పనికి విదేశీ ఇంజినీరు రావాలంటే మన దేశం అడిగేదీ ఇదే. ఇక్కడి కంపెనీ ఒప్పందం కావాలి, కొన్ని మినహాయింపులు పోను ఏడాదికి 16.25 లక్షల రూపాయలకు తగ్గని జీతం ఉండాలి. కంపెనీ మారాలంటే మామూలుగా దేశం విడిచి కొత్త వీసాతో రావాలి. పరాయి దేశపు పనివాడిని యజమాని కొంగుకు ముడివేయడంలో మనమూ తక్కువ తినలేదు.

మళ్లీ నానక్‌రాంగూడకు వద్దాం. అక్కడి తిరస్కరణను, పిటిషన్ తిరస్కరణను ఒకే గాటన కట్టేయడం వల్ల చాలా డబ్బు వృథా అవుతోంది. పిటిషన్ ఆమోదం పొందాక కాన్సులేట్‌లో ‘221జీ స్లిప్’ చేతిలో పెడితే అది సాధారణంగా ఇంకా కాగితాలు కావాలనో, పరిశీలన మిగిలిందనో అర్థం. దాని మీద అప్పీలు లేదు, అడిగింది ఇవ్వడమే పని. ఆఫీసరుకు అనుమానం బలంగా ఉంటే పిటిషన్‌నే అమెరికాకు తిప్పి పంపుతాడు. అక్కడ రద్దు నోటీసు వస్తుంది, అది మళ్లీ కంపెనీకే. ఈలోగా ‘కాన్సులేట్‌లో మనవాళ్లున్నారు, అప్పీలు చేయిస్తాం’ అని డబ్బు వసూలు చేసే ఏజెంట్లు పుట్టుకొస్తారు. హైదరాబాద్‌లో కూర్చుని అలాంటి అప్పీలు వేయించగల ఏజెంటు ఎవరూ లేరు.

తిరస్కరణలన్నీ అన్యాయమని కూడా అనలేం. ఒకే మనిషి పేరును నాలుగైదు కంపెనీల ద్వారా లాటరీలో వేయించిన ఘనత మనవాళ్లకు బాగానే ఉంది. 2024 ఆర్థిక సంవత్సరపు లాటరీకి 7,80,884 రిజిస్ట్రేషన్లు వస్తే, అందులో సగానికి పైగా ఒకే వ్యక్తికి ఒకటి కన్నా ఎక్కువ పడినవి. కంపెనీని కాకుండా మనిషిని లెక్కించే పద్ధతి పెట్టగానే మరుసటి ఏడాదికి మొత్తం 4,79,953కు పడిపోయింది. లేని ప్రాజెక్టుకు క్లయింట్ లెటర్ సృష్టించిన కన్సల్టెన్సీ ఏ అప్పీల్లోనూ నిలబడదు. ఆ దొంగ ఉత్తరం మచ్చ మాత్రం కుర్రాడి ఫైలులో మోసం కింద జీవితాంతం ఉండిపోయే ప్రమాదముంది.

2025 సెప్టెంబరు 19న వచ్చిన అధ్యక్షుడి ప్రకటన లెక్కలన్నీ మార్చేసింది. అమెరికా బయట ఉన్నవారికి వేసే కొత్త హెచ్1బీ పిటిషన్ మీద లక్ష డాలర్లు కట్టాలన్నారు. సెప్టెంబరు 21 నుంచే అమలు అనేసరికి, సెలవుకు ఇంటికొచ్చినవాళ్లు ఉన్నపళంగా తిరుగు టికెట్లు వెతుక్కున్నారు. అప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదని ప్రభుత్వం చెప్పేలోపు చాలామందికి నిద్ర కరువైంది. ఇలాంటి రుసుము తలమీద ఉన్నప్పుడు, శంషాబాద్ నుంచి ఇంకా విమానం ఎక్కని కుర్రాడి కోసం పోరాడదామనుకునే చిన్న కంపెనీలు తగ్గిపోతాయి. పెద్ద కంపెనీలకు హైదరాబాద్‌లోనే ఆఫీసులున్నాయి, అతన్ని ఇక్కడే కూర్చోబెట్టి పని చేయించుకోగలవు.

కాబట్టి ఆఫర్ లెటర్ చేతికి రాగానే జీతం ఎంత అన్న ప్రశ్న తర్వాత అడగాల్సినది, తిరస్కరణ వస్తే మీరేం చేస్తారు అన్నది. గతంలో ఎవరికైనా అప్పీలు వేశారా, మళ్లీ పిటిషన్ వేశారా అని ఆ కంపెనీలో పనిచేసిన పాతవాళ్లను కనుక్కోవాలి. మూడక్షరాలు, పది అంకెలు ఉండే రసీదు నంబరు తప్పనిసరిగా తీసుకోవాలి. అది చేతిలో ఉంటే కంపెనీ చెప్పినా చెప్పకపోయినా కేసు స్థితి ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. పిటిషన్ నకలు, ఆర్‌ఎఫ్‌ఈ, తిరస్కరణ ఉత్తర్వు అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే మన ఆర్‌టీఐ లాంటి ఫోయా చట్టం కింద తన రికార్డుల కోసం ఉద్యోగే దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్1బీ పిటిషన్ వేయడానికి, నడపడానికి అయ్యే లాయరు ఫీజును ఉద్యోగి మీద వేయడం అమెరికా కార్మిక నిబంధనలకు విరుద్ధం, కనుక అప్పీలు పేరుతో డబ్బడిగే యజమాని మాట నమ్మకూడదు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఉత్తర్వు మీద ఉన్న తేదీ. అప్పీలుకున్న 30 రోజులు లెక్కించేది ఆ తేదీ నుంచే, హెచ్‌ఆర్ మీకు ఫోన్ చేసి చెప్పిన రోజు నుంచి కాదు.